న్యూయార్క్‌లో పిల్లలతో ఆకురాలు కాలం, హాలోవీన్: ఎప్పుడు, ఎక్కడికి, ఎలా వెళ్ళాలి

న్యూయార్క్ నగరంలో ఆకులు రంగు మారే రోజులు చాలా తక్కువ. అక్టోబర్ మూడో వారం నుంచి ఊపందుకుని నవంబర్ మధ్యకల్లా దాదాపు అయిపోతాయి. గుమ్మడి తోటలు, అక్టోబర్ 31న పిల్లలు వేషాలేసుకుని క్యాండీల కోసం ఇంటింటికీ తిరిగే హాలోవీన్ కూడా ఆ రోజుల్లోనే. మన ఇళ్ళలో బతుకమ్మ, దసరా, దీపావళి కూడా అప్పుడే వచ్చి పడతాయి. చేతిలో ఉండే వారాంతాలు మహా అయితే ఐదారు. అందుకే చాలామంది ఒకే శనివారం పొద్దున తోట, మధ్యాహ్నం పార్కు, సాయంత్రం ఊరేగింపు అని పెట్టుకుంటారు. చివరికి ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని మూడు చోట్లా హడావిడి పడతారు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. రోజుకు ఒక్క చోటుకే వెళ్ళండి, సాయంత్రపు వేడుకలు ఉన్న రోజు తప్ప చీకటి పడేలోపు తిరుగుముఖం పట్టండి. ఆకులకు ఒక రోజు, గుమ్మడికాయకు ఒక రోజు, హాలోవీన్‌కు ఒక సాయంత్రం ఇవ్వండి. ఈ మూడూ కుదిరితే సీజన్ నిండుగా గడిచినట్టే. కింద రాసినదంతా న్యూయార్క్‌లో ఉండేవారితో పాటు న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీ వైపు నుంచి రైల్లో వచ్చే తెలుగు కుటుంబాలను కూడా దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదట క్యాలెండర్ పెట్టుకుని కూర్చోండి

సెప్టెంబర్‌లోనే పంచాంగం, బడి క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టాలా, పిల్లల్ని క్యాండీలకు తిప్పాలా అని ఎన్నో ఇళ్ళలో తర్జనభర్జన పడ్డారు. 2026లో దీపావళి నవంబర్ 8న వస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ అక్టోబర్ మధ్య వారాంతాలు నవరాత్రులకు, బతుకమ్మకు పోతాయి. తెలుగు సంఘాల కార్యక్రమాలు ఎక్కువగా శనివారాలే ఉంటాయి కనుక తోటకు, పార్కుకు ఆదివారాలు ఉంచుకోవడం మంచిది.

రెండో లెక్క సూర్యుడిది. అక్టోబర్ 31న ఇక్కడ ఆరు గంటలకు కాస్త ముందే సూర్యుడు అస్తమిస్తాడు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి, ఆ రోజు నుంచి ఐదు లోపే చీకటి. 2026లో హాలోవీన్ శనివారం, గడియారం మారేది ఆ రాత్రే. అంటే ఆలస్యంగా, కడుపు నిండా చక్కెరతో పడుకున్న పిల్లలు మర్నాడు గడియారం ప్రకారం గంట ముందే లేచి కూర్చుంటారు. ఆదివారం పొద్దున ఎవరికీ మాట ఇవ్వకండి.

ఆకుల రోజు: సి రైలు ఎక్కండి

ఆకుల కోసం కారులో కొండలకు పోవాలని అందరూ చెబుతారు. పెద్ద పిల్లలుంటే వెళ్ళండి. ఐదేళ్ళలోపు వాళ్ళతో గంటల తరబడి కారులో కూర్చోవడం కంటే సెంట్రల్ పార్క్ ఉత్తర భాగం ఎంతో మేలు. ఈ పార్కు 843 ఎకరాలు. పర్యాటకులు దాదాపు అంతా దక్షిణ భాగంలోనే తిరుగుతారు. న్యూజెర్సీ రైళ్ళు వచ్చే పెన్ స్టేషన్ దగ్గర 34వ వీధిలో సి రైలు ఎక్కి 103వ వీధిలో దిగితే, పార్కులోకి అడుగుపెట్టగానే ‘ది పూల్’ అనే చిన్న చెరువు కనబడుతుంది. చెరువు గట్టు చుట్టూ మేపుల్, స్వీట్‌గమ్, విల్లో చెట్లు. గాలి లేని పొద్దుటి పూట ఆ రంగులన్నీ నీళ్ళలో కూడా కనబడతాయి. అక్కడి నుంచి చిన్న వాగు వెంట నడిస్తే నార్త్ వుడ్స్ అనే అడవి భాగం వస్తుంది. వాగు మీద చిన్న వంతెనలు, రాళ్ళ మీదుగా దూకే నీళ్ళు ఉంటాయి. ఈ దారి నడక నేర్చిన పిల్లలకు ఇష్టం, స్ట్రోలర్‌కు కష్టం. చంటిపిల్లను క్యారియర్‌లో కట్టుకుని వెళ్ళండి.

బయలుదేరే ముందు పిల్లలకు ఒక పని అప్పగించండి. ఒక కవరు ఇచ్చి ఐదు రకాల ఆకులు ఏరమనండి. ఎరుపు మేపుల్, నక్షత్రం లాంటి స్వీట్‌గమ్, విసనకర్ర ఆకారంలో ఉండే గింకో, గుండ్రటి అంచుల ఓక్, అరచేయంత లండన్ ప్లేన్. రంగు ఎందుకు మారుతుందని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పగలు తగ్గే కొద్దీ చెట్టు ఆకులోని ఆకుపచ్చ పదార్థాన్ని విరగ్గొట్టి, అందులోని సారాన్ని వెనక్కి లాక్కుంటుంది. పసుపు రంగు వేసవి నుంచీ ఆకులో ఉన్నదే, పచ్చదనం తొలగిపోయాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవుతుంది. ఎండ బాగా కాసే పగళ్ళు, చల్లటి రాత్రులు కలిస్తే ఆ ఎరుపు మరింత చిక్కనవుతుంది. వానాకాలం లాంటి ముసురు పట్టిన అక్టోబర్‌లో రంగులు వెలవెలబోవడానికి కారణం ఇదే.

గింకో సంగతి విడిగా చెప్పాలి. నగరంలో ఎన్నో వీధుల్లో ఈ చెట్లున్నాయి. మిగతా చెట్లు రోజుకు కొన్ని ఆకులు రాలుస్తుంటే, గింకో మాత్రం గట్టి చలి పడిన మొదటి రాత్రి తర్వాత కొన్ని గంటల్లోనే దాదాపు అన్నీ వదిలేస్తుంది. కాలిబాట మీద చీలమండ లోతున పసుపు పరచుకుంటుంది. అది సాధారణంగా నవంబర్‌లో జరుగుతుంది. పిల్లలు అందులో దొర్లాలనుకుంటారు, దొర్లనివ్వండి. కానీ ముందు కింద మెత్తటి పసుపు కాయలున్నాయేమో చూడండి. ఆడ గింకో కాయలు నలిగితే వచ్చే వాసన బూట్లను అంత సులువుగా వదలదు.

పార్కు పశ్చిమ అంచున 96వ, 100వ వీధుల దగ్గర ఆటస్థలాలున్నాయి. నడక అయ్యాక పిల్లల్ని కాసేపు అక్కడ వదిలితే తిరుగు రైల్లో నిద్రపోతారు. ఈశాన్య మూలన, 110వ వీధి దగ్గర హార్లెమ్ మీర్ అనే చెరువుంది. దాని ఒడ్డునున్న డానా డిస్కవరీ సెంటర్‌లో బాత్రూములున్నాయి, ఇది రాసిపెట్టుకోవాల్సిన విషయం. అక్టోబర్ చివర్లో చెక్కిన గుమ్మడికాయల్లో దీపాలు పెట్టి ఈ చెరువులోనే తేలేస్తారు. కార్తీక దీపాలు నీళ్ళలో వదిలిన అమ్మమ్మలు ఇంట్లో ఉంటే ఆ సాయంత్రం వాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి.

ఆ రోజు వాన పడితే ఇంట్లో కూర్చోకండి. అదే సి రైల్లో 81వ వీధిలో దిగితే నేచురల్ హిస్టరీ మ్యూజియం. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ వాసులు సాధారణ ప్రవేశానికి తమకు తోచినంత చెల్లించవచ్చు. చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

నడవలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే బ్రాంక్స్‌లోని న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ మంచిది. 250 ఎకరాల తోట, అందులో 50 ఎకరాలు నగరంలో మిగిలిన పాత అడవి. లోపల ట్రామ్ తిప్పుతారు. అక్టోబర్‌లో మనిషికంటే పెద్ద గుమ్మడికాయలను ప్రదర్శనకు పెడతారు. గ్రాండ్ సెంట్రల్ నుంచి మెట్రో నార్త్ రైలు దాదాపు తోట గుమ్మం ముందే దించుతుంది. సోమవారాలు సాధారణంగా మూసి ఉంటుంది.

గుమ్మడికాయ రోజు: తోట లేదా దీవి

నగరం దాటకుండానే నిజమైన పొలం చూపించాలంటే క్వీన్స్ కౌంటీ ఫార్మ్ మ్యూజియం. 1697 నుంచి సాగులో ఉన్న నేల, 47 ఎకరాలు. కోళ్ళు, మేకలు, గొర్రెలు, ఆవు ఉంటాయి. అక్టోబర్‌లో గుమ్మడికాయలు, మొక్కజొన్న చేలో తీర్చిన చిక్కుదారి, ఎండుగడ్డి బండి సవారీ ఉంటాయి. ‘E’ రైలు ఎక్కి క్యూ గార్డెన్స్ యూనియన్ టర్న్‌పైక్‌లో దిగి క్యూ46 బస్సు పట్టుకోవాలి. కారుంటే పొద్దున గేటు తీసే వేళకే చేరండి. అక్టోబర్ వారాంతాల్లో పదకొండు దాటితే కారు ఆపడానికి చోటు వెతకడంతోనే పిల్లల ఓపిక అయిపోతుంది. మొక్కజొన్న చిక్కుదారి ఆరేళ్ళు దాటిన పిల్లలకు పండగే. చిన్నవాళ్ళకు మాత్రం తలకంటే ఎత్తయిన మొక్కల మధ్య భయం వేస్తుంది, వాళ్ళను కోళ్ళ దగ్గర ఉంచండి.

తిరుగు దారిలో ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్ళడం చాలా తెలుగు కుటుంబాలకు అలవాటే. బౌన్ వీధిలో 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి, దాని కింది అంతస్తు క్యాంటీన్‌లో దోసెలు దొరుకుతాయి. రోజుకు ఒక్క చోటు అన్నాను కదా, భోజనానికి ఆగడం ఆ లెక్కలోకి రాదు.

కారు లేనివాళ్ళకు, చంటిపిల్లలున్నవాళ్ళకు నా ఓటు గవర్నర్స్ ఐలాండ్‌కే. పెన్ స్టేషన్ నుంచి 1 నంబరు రైల్లో సౌత్ ఫెర్రీ దాకా వెళ్ళి, పక్కనే ఉన్న బ్యాటరీ మారిటైమ్ భవనం నుంచి పడవ ఎక్కాలి. శని, ఆదివారాల్లో పొద్దున పదకొండు లోపు పడవ ఉచితం. 172 ఎకరాల దీవి, కార్ల బెడద లేదు, పిల్లల చెయ్యి వదిలి నడవచ్చు. అక్టోబర్ చివరి వారాంతాల్లో నోలన్ పార్క్ అనే పాత పసుపు ఇళ్ళ మధ్య పచ్చిక మీద గుమ్మడికాయలు పరుస్తారు, విరాళమిచ్చి ఒకటి తెచ్చుకోవచ్చు. దీవి దక్షిణాన ఉన్న గుట్టల్లో ఒకదాని మీద 57 అడుగుల జారుడుబల్ల ఉంది, నగరంలో అదే పొడవైనది. నీళ్ళ మధ్య గాలి బాగా కొడుతుంది, టోపీలు మరవకండి.

గుమ్మడికాయ ఎంచుకోవడంలో ఒక క్రమం ఉంది. ముందు అడుగు చూడండి, చదునుగా నిలబడాలి. తొడిమ పచ్చిగా, గట్టిగా ఉండాలి. గోరుతో నొక్కితే తోలు సొట్ట పడకూడదు. తొడిమ పట్టుకుని ఎత్తకండి, ఊడిపోతుంది. రైల్లో తిరిగి వెళ్ళేవాళ్ళు పిల్ల రెండు చేతులతో మోయగలిగినంతదే తీసుకోండి. దాన్ని ఇంటిదాకా మోయనిస్తే అది తనదవుతుంది. చెక్కడానికి అమ్మే పెద్దకాయలో నీరు, పీచు ఎక్కువ, వంటకు రుచించదు. పులుసుకో దప్పళానికో కావాలంటే చిన్నగా, బరువుగా ఉండే షుగర్ పంప్కిన్ విడిగా అడిగి తీసుకోండి.

చెక్కే పని హాలోవీన్‌కు రెండు మూడు రోజుల ముందే పెట్టుకోండి. అంతకు ముందే చెక్కితే లోపల బూజు పడుతుంది, బయట పెడితే ఉడుతలు కొరికేస్తాయి. పైమూతను నిటారుగా కాకుండా ఏటవాలుగా, లోపలి వైపు సన్నబడేలా కోయాలి, అప్పుడది లోపలికి జారిపోదు. పిల్లలు ముఖం గీస్తారు, గింజలు దేవుతారు. కత్తి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. కోసిన అంచులకు వాసెలిన్ రాస్తే తొందరగా ముడుచుకోదు. దీపం బ్యాటరీదే పెట్టండి. గింజలు కడిగి, ఆరబెట్టి, కాస్త నూనె, ఉప్పు, కారం కలిపి ఓవెన్‌లో వేయిస్తే సాయంత్రం చిరుతిండి సిద్ధం.

వేషం

మన దగ్గర బడి వార్షికోత్సవాల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీలు చూసిన తల్లిదండ్రులకు ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే, ఇక్కడ వేదిక మీద నిలబడటం కాదు, ఆ వేషంలో గంటన్నర నడవాలి, మెట్లెక్కాలి, బాత్రూముకు వెళ్ళాలి. ఆ రోజుల్లో పగలు సగటున 15, 16 డిగ్రీల సెల్సియస్, రాత్రికి ఎనిమిది, తొమ్మిదికి పడిపోతుంది. కాబట్టి వేషం లోపల వెచ్చటి బట్టలు పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. వేషం పైన కోటు వేస్తామంటే ఏ పిల్లా ఒప్పుకోదు. ముఖాన్ని మూసే మాస్క్ వద్దు, పక్కన ఏం వస్తోందో కనబడదు. రంగులు పూసేటట్టయితే ముందు రోజు చేతి మీద కొంచెం పూసి చూడండి. వీపు మీద మెరిసే టేపు అంటించండి. చాలా బడుల్లో మాస్కులు, బొమ్మ ఆయుధాలు ఒప్పుకోరు, టీచర్ పంపిన నోటు చదవండి.

ఒక మాట మాత్రం నొక్కి చెబుతాను. సమయానికి ఏమీ దొరకలేదని పిల్లకు పట్టులంగా కట్టి హాలోవీన్‌కు పంపడం నాకు నచ్చదు. అది ఆ పిల్ల పండగ బట్ట, వేషం కాదు. అట్టపెట్టెకు రంగు వేసి బస్సు చేసినా, పాత దుప్పటికి రెండు కళ్ళు కోసినా ఎంతో అందం.

అక్టోబర్ 31 సాయంత్రం

ఏ పేటకు వెళ్ళాలన్నది పిల్లల వయసును బట్టి తేల్చుకోండి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకు మీరుండే భవనమే చాలు. పెద్ద అపార్ట్‌మెంట్లలో వారం ముందే కింద లాబీలో ఒక కాగితం అంటిస్తారు, క్యాండీ ఇచ్చేవాళ్ళు తమ తలుపు నంబరు రాస్తారు. మీరూ రాయండి. వేషాలేసుకుని మీ తలుపు తట్టే పిల్లలకు క్యాండీ ఇవ్వడం కూడా పండగలో సగం. బడి అయ్యాక మూడు నుంచి ఆరు దాకా చాలా పేటల్లో ప్రధాన వీధి దుకాణాల వాళ్ళు కూడా పిల్లలకు క్యాండీ పంచుతారు. వెలుతురు ఉండగానే అయిపోతుంది కాబట్టి చిన్నవాళ్ళకు ఇదే అనువు. 2022 నుంచి నగర రవాణా శాఖ హాలోవీన్‌కు అనేక వీధుల్లో కార్లు ఆపేస్తోంది, అక్టోబర్‌లో ఆ జాబితా చూసుకోండి.

ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు రెండు మంచి చోట్లు చెబుతాను. మొదటిది జాక్సన్ హైట్స్. పెన్ స్టేషన్ నుంచి ‘E’ రైల్లో నేరుగా 74వ వీధికి వెళ్ళవచ్చు. 37వ అవెన్యూ మీద పిల్లల ఊరేగింపు జరుగుతుంది, వేషం వేసుకున్న ఏ పిల్లయినా అందులో నడవచ్చు. మన కిరాణా దుకాణాలు, మిఠాయి కొట్లు పక్కనే. రెండోది మన్‌హాటన్‌లో 69వ వీధి, సెంట్రల్ పార్క్ వెస్ట్‌కూ కొలంబస్ అవెన్యూకూ మధ్య. ఆ సాయంత్రం కార్లు రానివ్వరు. బ్రౌన్‌స్టోన్ ఇళ్ళ వాళ్ళు మెట్లనిండా సాలెగూళ్ళు, అస్థిపంజరాలు అలంకరించి మెట్ల మీదే కూర్చుని క్యాండీ పంచుతారు. ఆరు దాటితే అడుగు వేయడానికి చోటుండదు, నాలుగున్నరకే వెళ్ళండి.

ఇక 1974లో బొమ్మల కళాకారుడు రాల్ఫ్ లీ మొదలుపెట్టిన గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపు ఉంది. కెనాల్ వీధి వైపు నుంచి ఆరో అవెన్యూ మీదుగా పైకి సాగుతుంది. భారీ ఆడించే బొమ్మలు, బ్యాండ్లు, వేల వేషాలు, అద్భుతమే. కానీ మొదలయ్యేది రాత్రి ఏడింటికి, జనం ఇసుక వేస్తే రాలనంత. పదేళ్ళు దాటిన పిల్లలకే ఇది సరి. స్ట్రోలర్‌తో అటు వెళ్ళవద్దు.

ఇంటి నుంచి బయటకు అడుగు పెట్టే ముందు కడుపు నిండా అన్నం పెట్టండి. ఆకలితో ఉన్న పిల్ల మొదటి వీధిలోనే బుట్ట ఖాళీ చేస్తుంది. తర్వాత మర్యాదలు నేర్పండి. అలంకరించిన ఇల్లు, దీపం వెలుగుతున్న గుమ్మం అయితేనే వెళ్ళాలి, చీకటిగా ఉంటే గంట కొట్టకూడదు. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనాలి, ఒకటే తీసుకోవాలి, థ్యాంక్యూ చెప్పాలి. ఎవరి ఇంటి లోపలికీ వెళ్ళకూడదు. జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

భయపడే పిల్లలుంటారు. అలాంటివాళ్ళకు ముందు రోజు అద్దం ముందు మీరే మాస్క్ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూపించండి. ‘లోపల ఉన్నది అమ్మే’ అని వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసుకోవాలి. అయినా వీధిలో బెదిరితే బలవంతం చేయకండి, బూచాడికి పట్టిస్తానని అసలే అనకండి.

తాతయ్య, నాయనమ్మ ఊరి నుంచి వచ్చి ఉంటే ‘ఇంటింటికీ తిరిగి అడుక్కోవడమేమిటి’ అని నొచ్చుకోవచ్చు. వాళ్ళకు దసరా గుర్తు చేయండి. పూర్వం బడిపిల్లలు అయ్యవారి వెంట పూలబాణాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవారు, గృహస్థులు అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఆ మాట ఎత్తగానే పెద్దవాళ్ళు తమ చిన్నతనం సంగతులు మొదలుపెడతారు. మనవలకు అవి వినడం క్యాండీ కంటే తక్కువ సంబరమేమీ కాదు. వాళ్ళను చలిలో తిప్పకండి, మీ గుమ్మం దగ్గర కుర్చీ వేసి క్యాండీ గిన్నె చేతికివ్వండి.

విలేజ్ ఊరేగింపుకు వెళ్ళినవాళ్ళు తప్ప, ఏ పేటలో ఉన్నా ఏడింటికల్లా రైలెక్కండి. 44 అంగుళాల లోపు పిల్లలకు సబ్‌వేలో టికెట్ అక్కర్లేదు, టికెట్ ఉన్న ఒక పెద్దవారి వెంట ముగ్గురి దాకా రావచ్చు. స్ట్రోలర్ ఉంటే లిఫ్టు ఉన్న స్టేషన్ ఏదో ముందే చూసుకోండి.

బుట్ట నేల మీద బోర్లించాక

శాకాహారుల ఇళ్ళలో అసలు పని ఇక్కడే. క్యాండీ కార్న్, స్టార్‌బర్స్ట్, మార్ష్‌మాలో, గమ్మీ బేర్లలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. హర్షీస్ మిల్క్ చాక్లెట్, కిట్‌క్యాట్, స్కిటిల్స్‌లో జెలటిన్ ఉండదు. చిన్న పొట్లాల మీద పదార్థాల పట్టిక తరచు ఉండదు, దుకాణంలో పెద్ద సంచీ మీద చదివి ముందే పిల్లలకు చూపించి ఉంచండి. తిననివి తీసేసుకుని ఊరుకోకండి, వాటికి బదులుగా వాళ్ళకు నచ్చినవి ఇచ్చేలా ఇంట్లో ఒక గిన్నె సిద్ధంగా పెట్టుకోండి. నాలుగేళ్ళలోపు పిల్లలకు గట్టి బిళ్ళలు, వేరుశనగలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పల్లీ, పాలు పడని పిల్లలుంటే నెమలికంఠం రంగు పూసిన గుమ్మడికాయ ఉన్న గుమ్మాలు వెతకండి. ఆ ఇంట్లో తినేవి కాకుండా చిన్న బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఇస్తారని దాని అర్థం. 2014 నుంచి అమెరికా అంతటా వ్యాపించిన పద్ధతి ఇది. మీ గుమ్మంలో కూడా ఒకటి పెడితే ఎవరో ఒక పిల్ల ముఖం వెలుగుతుంది.

నవంబర్ మొదటి వారంలో గుమ్మడికాయను చెత్తబుట్టలో వేయకండి. కొన్ని పార్కుల్లో వాటిని నేలకేసి పగలగొట్టి ఎరువుకు పంపే కార్యక్రమాలు పెడతారు, పిల్లలకు అదొక ఆట. అక్కడికి వెళ్ళలేకపోతే భవనంలోని కంపోస్టు డబ్బాలో వేయండి. 2024 అక్టోబర్ నుంచి నగరమంతటా ఇళ్ళ దగ్గరే ఈ చెత్తను విడిగా సేకరిస్తున్నారు. వేసే ముందు లోపలి బ్యాటరీ దీపం, అంటించిన మెరుపు కాగితాలు తీసేయండి. రంగు పూసిన కాయ ఎరువుకు పనికిరాదు, అది మామూలు చెత్తలోకే.